పెళ్లి చేసుకోకుండా కలిసి బతకాలనుకుంటే ముందు రాసిపెట్టుకోవాల్సిన కాగితాలు

పోయిన వేసవిలో మా ఆఫీసుకి ఒకావిడ వచ్చారు. అరవై దాటిన మనిషి. బట్టల కొట్టువాళ్లిచ్చిన సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టారు. కరెంటు బిల్లులు, గ్యాస్ పుస్తకం, ఆయనకి బైపాస్ చేయించినప్పటి ఆస్పత్రి రసీదులు, తిరుమలలో ఆయన గుండుతో ఆవిడ పక్కన నిలబడి దిగిన ఫొటో. భర్త పోయిన ఆరేళ్లకు, భార్యను పోగొట్టుకున్న ఒక రిటైర్డ్ ఉద్యోగితో కలిసి ఉండడం మొదలుపెట్టారట. పద్నాలుగేళ్లు ఉన్నారు. ఆయన పోయారు. పదకొండో రోజు భోజనాలు కాగానే ఆయన కొడుకులు "మీ సామాను సర్దుకోండి పిన్నీ" అన్నారు. ఇల్లు ఆయన పేరున ఉంది. వీలునామా లేదు.

"ఇన్నేళ్లు కలిసుంటే భార్య కిందే లెక్క అంటారు కదమ్మా?" అని అడిగారు.

అంటారు, నిజమే. ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా బతికిన జంటకు పెళ్లయిందనే భావించాలని సుప్రీంకోర్టు 1978లో బద్రీ ప్రసాద్ కేసులో చెప్పింది. 2022లో కేరళ నుంచి వచ్చిన ఒక ఆస్తి తగాదాలోనూ ఆ మాటే మళ్లీ చెప్పింది. కానీ ఎదుటివాళ్లు పెళ్లి కాలేదని రుజువు చేస్తే అది నిలవదు. ఆవిడ సంచి అడుగున ఇంకో కాగితం ఉంది. మొదటి భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ ఆగకుండా, "నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు" అని ఏటా సంతకం చేసిచ్చిన ధ్రువీకరణ నకలు. పెళ్లి కాలేదని ఒక చోట రాసిచ్చి, భార్యనని ఇంకో చోట దావా వేస్తే ఏ కోర్టు నమ్ముతుంది?

ఆయన ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి ఉంటే ఆవిడ నా దగ్గరికి రావలసిన పనే లేదు. ఆ నాలుగు వాక్యాలు మీ ఇంట్లో ఉండాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. పెళ్లి కాని ఇద్దరు మేజర్లు కలిసి ఉండడం మన దేశంలో నేరం కాదు. 2006లో లతా సింగ్ కేసులో, 2010లో ఖుష్బూ కేసులో, 2018లో నందకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చిచెప్పింది. అబ్బాయికి పెళ్లి వయసు 21 నిండకపోయినా, 18 దాటితే ఇష్టమైనవాళ్లతో కలిసి ఉండవచ్చని నందకుమార్ తీర్పు. పోలీసులు వచ్చి "పెళ్లి సర్టిఫికెట్ చూపించు" అంటే చూపించాల్సిన చట్టమేదీ ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లేదు. ఉత్తరాఖండ్‌లో మాత్రం 2025 జనవరి 27 నుంచి సహజీవనాన్ని కూడా రిజిస్టర్ చేయించాలి. నెల దాటినా చేయించకపోతే జైలో, జరిమానానో పడవచ్చు. డెహ్రాడూన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నేరం కానంత మాత్రాన హక్కులు వచ్చేయవు. ఆస్తి దగ్గర, బ్యాంకులో, ఆస్పత్రిలో మీరిద్దరూ చట్టానికి పరాయివాళ్లే. ఆ పరాయితనాన్ని ఒక్కొక్క కాగితంతో తీసేసుకుంటూ రావాలి. వరుసగా చెబుతాను.

మీకు వద్దనిపిస్తున్నది పెళ్లా, పెళ్లి తంతా?

ఇది మీ ఇద్దరూ కూర్చుని నిజాయితీగా తేల్చుకోండి. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామందికి అక్కర్లేనిది పురోహితుడూ, కట్నమూ, కులమూ, వెయ్యి మంది భోజనాలూ. ఒకరికొకరు చట్టరీత్యా కట్టుబడి ఉండడానికి వాళ్లకి అభ్యంతరం లేదు. అలాంటివాళ్లకి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. మతం మార్చుకోనక్కర్లేదు, తాళి అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు. మీది ఈ కోవే అయితే కింద చెప్పే కాగితాల్లో సగం అవసరం లేకుండానే పోతాయి.

మీలో ఒక్కరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న చోటి మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసు ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆ పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే జరుగుతుంది. వయసు రుజువు, చిరునామా రుజువు, ఫొటోలు పట్టుకెళ్లండి. ఇంతకుముందు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ గానీ మరణ ధ్రువపత్రం గానీ తప్పనిసరి. నోటీసును ఆఫీసు బోర్డు మీద అతికిస్తారు. 30 రోజులు ఆగాలి. ఈలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అయితే కారణాలు లెక్కపెట్టినన్నే. ఇప్పటికే భార్యో భర్తో బతికి ఉండడం, వయసు చాలకపోవడం, మతిస్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం. "మా కులం కాదు", "మాకు ఇష్టం లేదు" అనేవి ఆ జాబితాలో లేవు. గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వెళ్లి, మీకు తెలిసిన భాషలో, తెలుగులోనే, ఒకరినొకరు భార్యగా భర్తగా స్వీకరిస్తున్నామని చెబితే సర్టిఫికెట్ ఇస్తారు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి 3 నెలల్లో ఇదంతా అయిపోవాలి. దాటితే మళ్లీ కొత్త నోటీసు.

ఆ బోర్డే చాలామందికి భయం. మీ సొంతూరు వేరే చోటైతే అక్కడి ఆఫీసుకి కూడా నకలు వెళుతుంది, అక్కడ ఎవరో ఒకరు చూస్తారు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరుకుంటేనే నోటీసు అతికించాలని తీర్పిచ్చింది గానీ మన హైకోర్టులకు ఆ తీర్పు కట్టుబాటు కాదు. మన దగ్గర బోర్డు ఉందనుకునే సిద్ధపడండి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆస్పత్రి బయట నరికి చంపిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. బెదిరింపు ఉంటే నోటీసుకు ముందే జిల్లా ఎస్పీకి గానీ కమిషనర్‌కి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని అదే ఏడాది మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫిర్యాదును పట్టించుకోకపోతే పోలీసులకు ఆదేశాలివ్వమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడానికి ఆ ముట్టిన కాగితమే ఆధారం.

మేనరికం అయితే ముందే ఆఫీసులో కనుక్కోండి. ఈ చట్టం నిషేధించిన బంధుత్వాల్లో మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా ఉన్నారు. ఆచారానికి మినహాయింపు ఉంది కానీ అది ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఆచారానికే.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఇది నా మనసుకి దగ్గరి విషయం. మన దగ్గర దండల పెళ్లిళ్లకు మంచి చరిత్ర ఉంది. సభ పెట్టి, పెద్దలు నాలుగు మాటలు మాట్లాడి, ఇద్దరూ దండలు మార్చుకుంటారు. ఆదర్శం గొప్పదే. కానీ తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఏ సెక్షన్ చేర్చి, పురోహితుడు లేకుండా జరిగే ఇలాంటి ఆత్మగౌరవ వివాహాలను చెల్లేలా చేసింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి సెక్షన్ లేదు. ఆచారం ప్రకారం తంతు జరగకుండా హిందూ వివాహ చట్టం కింద తెచ్చుకున్న సర్టిఫికెట్ ఒక్కటే పెళ్లి కాబోదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి దండలు మార్చుకునేవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం కింద కూడా పెళ్లి నమోదు చేయించుకోండి. నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద "మేము పెళ్లి చేసుకున్నాము" అని రాయించుకునేవాళ్లు కూడా తరచూ కనబడతారు. అది పెళ్లి కాదు. నోటరీకి పెళ్లి చేసే అధికారం లేదు.

పెళ్లే వద్దు, లేదా కుదరదు అనుకుంటే: ఈ వారంలో వీలునామా

కొందరికి పెళ్లి మీదే నమ్మకం లేదు. కొందరు పెద్దవాళ్లకి పెన్షన్ పోతుందని, పిల్లలు బాధపడతారని జంకు. హైదరాబాద్‌లో తోడు నీడ అనే సంస్థ వయసు మళ్లిన ఒంటరివాళ్లకు తోడు కుదిర్చే పని ఏళ్లుగా చేస్తోంది. అలా కలిసినవాళ్లలో పెళ్లి లేకుండా ఉండిపోయే జంటలూ ఉంటాయి. స్వలింగ జంటలకైతే దారే మూసి ఉంది. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు వాళ్ల పెళ్లికి గుర్తింపు ఇవ్వలేదు. అయితే ట్రాన్స్‌జెండర్ వ్యక్తి స్త్రీపురుష సంబంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని ఆ తీర్పే చెప్పింది.

వీళ్లందరికీ మొదటి కాగితం వీలునామా. హిందూ వారసత్వ చట్టంలో మగమనిషి వీలునామా లేకుండా పోతే మొదటి వరుసలో పిల్లలు, భార్య, తల్లి ఉంటారు. కలిసి బతికిన మనిషి ఏ వరుసలోనూ లేదు. ఆడవాళ్ల సంగతి ఇంకా దారుణం. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, ఆమె రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించుకున్న ఆస్తి కూడా ముందు చచ్చిపోయిన భర్త వారసులకే వెళుతుంది. ఆమె తల్లిదండ్రులు కూడా ఆ తర్వాతే. 15వ సెక్షన్ అలా ఉంది, 2009లో సుప్రీంకోర్టు కూడా అలాగే తీర్పిచ్చింది. మరిది కొడుకులకు ఇల్లు పోవడం, ఇరవై ఏళ్లు తోడున్న మనిషి వీధిలో నిలబడడం, ఈ రెండూ నేను చూశాను.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. చేత్తో రాసినా, టైపు చేయించినా సరే. మీరు సంతకం పెడుతుండగా చూసిన సాక్షులు ఇద్దరు, మీ ఎదురుగా సంతకం పెట్టాలి. సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవాళ్లని పెట్టుకోండి. రేపు కోర్టులో నిలబడి "మేం చూశాం" అని చెప్పాల్సింది వాళ్లే. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ సాక్షులుగా ఉండకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. సబ్ రిజిస్ట్రార్ ముందు వేలిముద్ర, ఫొటో పడితే "ఇది దొంగ వీలునామా" అనడం కష్టమవుతుంది. వయసు పైబడితే అదే వారంలో డాక్టరు చేత "మతిస్థిమితం బాగుంది" అని రాయించి జతచేయండి.

భాష దగ్గర జాగ్రత్త. పెళ్లి కానప్పుడు "నా భార్య", "నా భర్త" అని రాయకండి. ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం కాగితాన్నే అబద్ధమంటారు. పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా రాసి "నాతో కలిసి జీవిస్తున్న" అనండి. పిల్లలకు ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో ఒక వాక్యంలో చెప్పండి. కారణం చెప్పకుండా సొంత పిల్లల్ని పక్కనపెట్టిన వీలునామాని కోర్టులు అనుమానంగా చూస్తాయి. మొదటి పెళ్లి పిల్లలున్నవాళ్లకి నేను ఎక్కువగా రాసిచ్చేది ఇలా ఉంటుంది:

"నా స్వార్జితమైన షెడ్యూలు ఇంటిని నా తదనంతరం, నాతో కలిసి జీవిస్తున్న ఫలానా గారు తన జీవితకాలమంతా అందులో నివసిస్తూ, అద్దెలు వసూలు చేసుకుంటూ అనుభవించవలెను. దానవిక్రయాది హక్కులు ఆమెకు లేవు. ఆమె తదనంతరం నా కుమారులు ఇరువురూ సమానంగా, సర్వహక్కులతో పొందవలెను."

దానవిక్రయాది హక్కులు లేవంటే ఇంటిని ఆమె అమ్మలేరు, ఎవరికీ రాసివ్వలేరు అని. ఈ కొద్ది వాక్యాలతో పిల్లల ఆస్తి పిల్లలకే ఉంటుంది, ఆమె తలమీద కప్పూ ఉంటుంది. పిల్లలకి బతికుండగానే చదివి వినిపించండి. చాలా ఇళ్లలో కోపాలు అక్కడే చల్లారిపోయాయి.

తాతముత్తాతల ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతు వరకే వీలునామా రాయగలరు. ఎప్పుడైనా మనసు మారి పెళ్లి చేసుకుంటే వీలునామా మళ్లీ రాసుకోండి. క్రైస్తవుల వంటి కొందరికి పెళ్లితోనే పాత వీలునామా రద్దయిపోతుంది.

నామినీ పెట్టాం కదా అని ఊరుకోకండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పడమే. ఆ డబ్బు ఎవరిదన్నది వారసత్వం తేలుస్తుంది. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని నామినీగా ఎవరిని పెట్టారో వీలునామాలోనూ ఆ ఖాతాలు వాళ్లకే రాయండి. రెండూ ఒకటే చెప్పాలి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. కౌంటర్‌లో ఎవరైనా కాదంటే ఆ సంగతి చెప్పండి.

జీవిత బీమాలో 2015 నుంచి తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీ అయితే సొమ్ము వాళ్లదే అవుతుంది. మీ తోడు ఆ జాబితాలోకి రాదు కాబట్టి అక్కడా వీలునామాయే దిక్కు. పీఎఫ్, గ్రాట్యుటీల దగ్గర ఇంకా గట్టి నియమం. నిబంధనల ప్రకారం మీకు కుటుంబం ఉందంటే బయటివాళ్ల పేరు చెల్లదు. ఆధారపడ్డ తల్లిదండ్రులు ఉన్నా కుటుంబం ఉన్నట్టే. పీఎఫ్ మీద ఆశపెట్టుకోకుండా మీ తోడుకి ఇవ్వదలచినంత మరో చోట, మరో రూపంలో పెట్టండి.

ఇల్లు

అద్దె ఇల్లయితే అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ వేయించండి. యజమాని "ఒక పేరు చాలు" అంటారు, ఒప్పుకోకండి. కొంటున్న ఇల్లయితే సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లతో పాటు ఎవరి వాటా ఎంతో రాయించండి, ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో చెక్కు నంబర్లతో సహా. వాటా రాయకపోతే పెట్టిన డబ్బు నిష్పత్తిని బట్టి లెక్క తేల్చుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఒకరు ఈఎంఐ కట్టి, ఇంకొకరు సరుకులూ స్కూలు ఫీజులూ భరించిన చోట ఆ లెక్క ఎప్పుడూ సరుకులు కొన్నవాళ్లకే నష్టం.

ఉన్న ఇంట్లో వాటా ఇప్పుడే ఇచ్చేయాలంటే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించాలి. రక్తసంబంధీకులకు ఉండే స్టాంపు డ్యూటీ తగ్గింపు మీకు రాదు. అందుకే ఎక్కువమంది వీలునామాతో సరిపెట్టుకుంటారు. అయితే వీలునామా రేపు మార్చేయవచ్చు, గిఫ్ట్ డీడ్ అంత తేలిగ్గా వెనక్కి రాదు. ఆ తేడా తెలిసి ఎంచుకోండి.

ఆస్పత్రి ఫారంలో "సంబంధం" అనే గడి

ఆపరేషన్‌కి ముందు ఇచ్చే సమ్మతి పత్రంలో సంతకం కింద "పేషెంట్‌కు ఏమవుతారు" అని ఒక గడి ఉంటుంది. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయిన మనుషులు నాకు తెలుసు. ఒకరు "ఫ్రెండ్" అని రాశారు. "బంధువులు వస్తేనే" అని ఫారం వెనక్కిచ్చారు. రెండు వందల కిలోమీటర్ల నుంచి అన్నయ్య వచ్చేదాకా ఆగారు.

మీరు చేయగలిగినవి మూడు. ఒకటి, "నాకు స్పృహ లేనప్పుడు నా వైద్యం గురించి ఆస్పత్రితో మాట్లాడడానికి, నా రికార్డులు చూడడానికి ఫలానావారిని నియమిస్తున్నాను" అని రాసి నోటరీ చేయించండి. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ రాసినవాళ్లకి తెలివి తప్పితే చట్టరీత్యా బలం పోతుంది కాబట్టి దీన్ని హక్కుపత్రం అనుకోకండి. అయినా డాక్టర్లకి మీ ఇష్టమేమిటో అది చెబుతుంది, నా అనుభవంలో చాలా చోట్ల పనిచేసింది.

రెండు, ముందస్తు వైద్య నిర్దేశం. కోలుకోని స్థితిలో యంత్రాల మీద ఉంచాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టుకునే హక్కు 2018 మార్చిలో కామన్ కాజ్ కేసుతో వచ్చింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధ్రువీకరిస్తే చాలు. అందులో మీ తరఫున నిర్ణయం చెప్పే సంరక్షకుడిగా మీ తోడు పేరు రాయవచ్చు.

మూడోది చాలామందికి తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ కింద, మానసిక వైద్యం అవసరమైనప్పుడు మీ తరఫున నిలబడే ప్రతినిధిని తెల్లకాగితం మీద సంతకంతో నియమించుకోవచ్చు. బంధువే కానక్కర్లేదు. అల్జీమర్స్ మొదలయ్యే వయసు జంటలు దీన్ని అసలు మానకండి.

అవయవదానంలో మాత్రం మీరు దగ్గరి బంధువు కారు. ఒకరికొకరు కిడ్నీ ఇచ్చుకోవాలంటే అనుమతి కమిటీ ముందుకు వెళ్లాలి.

ఇద్దరి మధ్య ఒప్పందం

వంద రూపాయల స్టాంపు కాగితం మీద సహజీవన ఒప్పందం రాసుకోవచ్చు. అద్దె, ఖర్చులు ఎవరెంత, ఎవరి సామాను ఏది, ఎవరి అప్పు ఎవరిది, విడిపోతే ఎన్ని నెలల గడువులో ఇల్లు ఖాళీ చేయాలి, పెంపుడు కుక్క ఎవరి దగ్గర ఉంటుంది. వీటిలో చిన్నవని ఏదీ వదలకండి. తోడుగా ఉన్నందుకు ప్రతిఫలంగా ఇంత ఇస్తాననే వాక్యం మాత్రం ఎక్కడా రాకూడదు. నీతికి విరుద్ధమని కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద మొత్తం కొట్టేస్తారు. డబ్బు, ఆస్తి, ఇల్లు వరకే రాయండి.

పెళ్లి ఉద్దేశం లేకపోతే ఆ మాట స్పష్టంగా రాసుకోండి. పెళ్లి చేసుకుంటానని మోసపు మాట చెప్పి శారీరక సంబంధం పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా శిక్ష ఉంది. కాగితం చూపించి ఎవరూ ఆ సెక్షన్ నుంచి తప్పించుకోలేరు. కానీ "మనం దేనికి ఒప్పుకున్నాం" అన్నది మొదట్లోనే మాట్లాడుకోవాలి, ముఖ్యంగా ఒకరి మనసులో పెళ్లి ఆశ ఉండి ఇంకొకరి మనసులో లేనప్పుడు. ఆ ఆశ మీదైతే, మీరు సంతకం పెట్టకుండా లేచి వచ్చేయవచ్చు.

దెబ్బ పడితే, గెంటేస్తే

2005 గృహహింస చట్టం పెళ్లి కాని స్త్రీకీ వర్తిస్తుంది. "వివాహం వంటి సంబంధం" అన్నది ఆ చట్టంలోనే ఉంది. 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు దానికి కొలతలు పెట్టింది. ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాలి, ఇద్దరూ చట్టప్రకారం పెళ్లికి అర్హులై ఉండాలి, ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గ కాలం కలిసి ఉండాలి, నలుగురిలో జంటగా కనబడి ఉండాలి. అప్పుడు రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పరిహారం అడగవచ్చు. 181కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

అతనికి భార్య బతికి ఉండి, ఆ సంగతి తెలిసే మీరు ఉన్నారంటే ఈ రక్షణ దాదాపు దొరకదు. 2013లో ఇంద్రా శర్మ కేసులో ఆమె ఓడిపోయింది అందుకే. "విడాకులు వచ్చేస్తాయి" అన్న మాట మీద ఇల్లు వదిలి రాకండమ్మా. డిక్రీ నకలు చేతిలోకి వచ్చాకే రండి.

పిల్లలు

పుట్టిన బిడ్డకు ఆస్తి దగ్గర తప్ప పెద్దగా లోటు లేదు. తండ్రి పేరు లేకుండా తల్లి అఫిడవిట్‌తోనే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నా సలహా, ఇద్దరూ వెళ్లి ఇద్దరి పేర్లూ నమోదు చేయించండి. తల్లిదండ్రులు పెళ్లి చేసుకోకపోయినా బిడ్డకు ఇద్దరి నుంచీ పోషణ ఖర్చు అడిగే హక్కు ఉంది. ఆస్తి విషయంలో సందేహానికి చోటివ్వకుండా బిడ్డ పేరు వీలునామాలో రాయండి.

దత్తత మాత్రం జంటగా కుదరదు. రెండేళ్ల స్థిరమైన వివాహ బంధం ఉన్న దంపతులకే ఇస్తారు. ఒంటరి వ్యక్తిగా దరఖాస్తు చేయవచ్చు, అయితే ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. సరొగసీ కూడా పెళ్లి కాని జంటకు లేదు. ఐవీఎఫ్ వంటి చికిత్సకు 21 నుంచి 50 ఏళ్ల లోపు ఒంటరి స్త్రీ వెళ్లవచ్చు.

విదేశాల్లో ఉంటే

కెనడాలో 12 నెలలు ఎడతెరిపి లేకుండా కలిసి ఉన్న జంటను కామన్ లా భాగస్వాములుగా వలస చట్టం గుర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో డి ఫాక్టో జంటలకు, అంటే పెళ్లి లేకుండా కలిసి బతికేవాళ్లకు, పార్ట్‌నర్ వీసా ఉంది. అందుకే ఇక్కడినుంచే జాయింట్ అద్దె అగ్రిమెంట్, జాయింట్ ఖాతా స్టేట్‌మెంట్లు దాచుకోండి. అమెరికాలో ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే హెచ్-4 వీసాకి మాత్రం పెళ్లి ఉండాల్సిందే. బ్రిటన్‌లో పెళ్లికి బదులు చట్టప్రకారం నమోదు చేసుకునే సివిల్ పార్ట్‌నర్‌షిప్ చేసుకున్నా ఇక్కడ మన చట్టాల్లో దానికి చోటు లేదు. గుంటూరులో ఉన్న పొలానికి గుంటూరులో చెల్లే వీలునామాయే కావాలి.

కాగితాలు ఎక్కడ పెట్టాలి

ఒక ఫైలు చేయండి. వీలునామా నకళ్లు, నామినేషన్ రసీదులు, అద్దె అగ్రిమెంట్ లేదా సేల్ డీడ్, వైద్యం కాగితాలు, ఒప్పందం, ఇద్దరి ఆధార్ నకళ్లు. వీలునామా అసలు ప్రతిని ఒకరి పేరు మీదే ఉన్న లాకర్‌లో పెట్టకండి. ఆ మనిషి పోయాక లాకర్ తెరవడానికే ఆ కాగితం కావాలి. మీ ఇద్దరినీ ఇష్టపడే ఒక బంధువుకి ఫైలు ఎక్కడుందో చెప్పి ఉంచండి, చెల్లెలో, మేనల్లుడో ఎవరైనా సరే. వైద్యం కాగితాల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, ఎందుకంటే ప్రమాదం జరిగిన రాత్రి ఇంటికెళ్లి ఫైలు వెతికే తీరిక ఉండదు. పర్సులో చిన్న కార్డు మీద "ప్రమాదం జరిగితే వీరికి చెప్పండి" అని మీ తోడు పేరు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. ఇల్లు మారినా, ఖాతా మారినా, బిడ్డ పుట్టినా ఫైలు తీసి ఒక్కో కాగితం మళ్లీ చదవండి.